ఇంటికొచ్చిన సైకిలు చుట్టం

ఆటో అతను పెట్టెను అరుగు దాకా తెచ్చి, ఇక నా వల్ల కాదండీ అని చేతులెత్తేశాడు. 49 కిలోలని అట్ట మీద అచ్చువేసి ఉంది. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు అక్కడి నుంచే ఫోన్లో కొని మా ఊరు నందివెలుగు అడ్రసు పెట్టేశాడు. మా బావగారికి 64 ఏళ్లు, పదేళ్లుగా షుగరు, కుడి మోకాలు నొప్పి. అక్కయ్యకు బీపీ. పొద్దున్నే నడవమని డాక్టరు చెప్పాడు గాని, మా ఊళ్లో నడక అంత తేలిక కాదు. తెనాలి నుంచి దుగ్గిరాల మీదుగా విజయవాడ పోయే బస్సులు, గుంటూరు వైపు ఆటోలు, లారీలు తెల్లవారకముందే మొదలవుతాయి. ఆ హోరులో రోడ్డు వార నడిచే ధైర్యం బావగారికి లేకపోయింది. అందుకని ఎలిప్టికల్ అనే ఈ మిషను.

పెట్టె విప్పింది ముగ్గురం. బావగారు, పక్కింటి ఇంటర్ కుర్రాడు, నేను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి పెత్తనం నాది. గంటన్నర బాగానే గడిచింది. ఎడమ పెడలు దగ్గరికొచ్చేసరికి బోల్టు ఎంత తిప్పినా ఎక్కదు. అలెన్ కీ మీద బలం పెట్టాను. కిర్రుమంది. బయటికి తీసి చూస్తే బోల్టు మొదట్లో రెండు చుట్ల మర నలిగిపోయి, పొడి రాలుతోంది.

కుర్రాడు పరుగెత్తి సైకిలు షాపు ఆయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని బోల్టు వంక ఒక్కసారి చూశాడు. "మాస్టారూ, పిల్లలకి ఫిజిక్సు చెప్పారు గదండీ, సైకిలు ఎడం పెడలు ఎటు తిప్పితే బిగుసుద్దో చెప్పలేదా?" అన్నాడు. సన్న ఆకురాయితో నలిగిన మర సాపు చేసి, కాస్త గ్రీజు రాసి, బోల్టును వేళ్లతోనే ఎడమకు తిప్పాడు. వెన్నలో దిగినట్టు దిగింది. రంధ్రంలో మర చెడలేదు, అది నా అదృష్టం.

ఇలాంటి మిషను కొనుక్కున్నవాళ్లు దీన్ని టీవీ, ఫ్రిజ్జు వరసలో లెక్కేస్తారు. కంపెనీ మనిషి వచ్చి బిగిస్తాడు, స్విచ్చి వేస్తే తిరుగుతుంది, పాడైతే ఫోన్ చేద్దాం అనుకుంటారు. కానీ ఇళ్లలో వాడే మామూలు రకానికి కరెంటే అక్కర్లేదు. క్రాంకు, పెడళ్లు, బేరింగులు, బెల్టు, ఒక బరువైన చక్రం, అంతే దీని సంసారం. ఇది సైకిలుకు దగ్గరి చుట్టం. సైకిలును ఎలా చూసుకుంటామో దీన్నీ అలాగే చూసుకోవాలి, సైకిలు దగ్గర ఏ జాగ్రత్తలు పడతామో ఇక్కడా అవే పడాలి. మా తరంలో సైకిలు తొక్కని ఇల్లు లేదు గనక సగం విద్య మనకు వచ్చినట్టే. నాకు రాలేదన్నది వేరే సంగతి.

ముందు ఆ ఎడమ మర సంగతి. ఇంట్లోనే చూడవచ్చు. గుప్పిట వదులుగా పట్టి అందులో ఒక పెన్సిలు దూర్చండి. రెండో చేత్తో పెన్సిలు పైకొస పట్టుకోకుండా, వేలితో తోస్తూ గుండ్రంగా తిప్పండి. కొస కుడికి చుట్టూ తిరుగుతుంటే, పెన్సిలు మాత్రం తన చుట్టూ తాను ఎడమకు మెల్లగా పొర్లుతుంది. రంధ్రంలో వెంట్రుకవాసి సందు ఉన్న ఇరుసు మీద బరువు గుండ్రంగా తిరిగితే ఇదే జరుగుతుంది. సైకిలు ముందుకు తొక్కినప్పుడు ఎడమ పక్క ఇరుసు మామూలు మరను విప్పే దిక్కుకు పొర్లుతుంది. అందుకే ఎడమ పెడలుకు తిరగబడ్డ మర కోస్తారు. అప్పుడు తొక్కేకొద్దీ బిగుస్తుందే గాని విడదు. ఎలిప్టికల్‌లో కూడా చాలా మోడళ్లకు ఎడమ పక్క ఇరుసు, బోల్టు, నట్టు తిరుగుడు మరవే ఉంటాయి. వాటి మీద ఎల్ అని, కుడివాటి మీద ఆర్ అని చిన్నగా చెక్కి ఉంటుంది. ఎల్ అంటే మిషను మీద నిలబడ్డవాడి ఎడమ, ఎదురుగా నిలబడి బిగించేవాడి ఎడమ కాదు. మేం అక్కడ కూడా ఒకసారి తికమకపడ్డాం.

మిషను పేరులోని ఎలిప్స్ అంటే మన ఇంటర్ లెక్కల పుస్తకంలోని దీర్ఘవృత్తం. పాదం ఆ ఆకారంలో తిరుగుతుందని ఆ పేరు. ఒక పొడుగాటి కడ్డీ తీసుకుని ఒక కొసను చక్రానికి కట్టి గుండ్రంగా తిప్పండి. రెండో కొస పట్టా మీద ముందుకూ వెనక్కూ జారనివ్వండి, లేదా ఊయల కడ్డీకి వేలాడదీయండి. ఇటు కొస గీసేది సున్నా, అటు కొస గీసేది గీత. నడుమ ఎక్కడో పాదం పెడితే అది సున్నాకూ గీతకూ మధ్యస్థంగా, సాగదీసిన కోడిగుడ్డులా గీస్తుంది. లెక్కల మాస్టారు చూస్తే అచ్చమైన దీర్ఘవృత్తం కాదనే అంటారు, కానీ కాలికి ఆ తేడా తెలియదు. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన ల్యారీ మిల్లర్ అనే అమెరికన్, 1980ల్లో తన కూతురు కారు పక్కన పరుగెడుతుంటే వీడియో తీసి, పాదం వెళ్లే దారిని గమనించి దీన్ని తలపెట్టాడని చెబుతారు. ప్రికోర్ కంపెనీ 1995లో దాన్ని బజారులోకి తెచ్చింది.

పరుగెత్తేటప్పుడు పాదం నేల మీద పడ్డ ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి కాలి మీద పడుతుంది. ఇక్కడ పాదం పెడలు వదలదు, కాబట్టి ఆ దెబ్బ ఉండదు. మోకాలు నొప్పివాళ్లకు ఇది నప్పుతుందనేది అందుకే. అలాగని మోకాలు అరిగిందో, లోపల ఇంకేదైనా ఉందో చూపించుకోకుండా ఎక్కేయమని కాదు.

తొక్కడం బరువుగా ఉండాలా తేలిగ్గా ఉండాలా అన్నది ముందున్న మీట నిర్ణయిస్తుంది. చాలా ఇళ్లలో వాడే మోడళ్లలో 1 నుంచి 8 దాకా అంకెలుంటాయి. లోపల చక్రం అంచుకు దగ్గరగా అయస్కాంతాలు ఒక బద్ద మీద ఉంటాయి. మీట తిప్పితే తీగ లాగి ఆ బద్దను చక్రానికి దగ్గర చేస్తుంది. లోహపు అంచు అయస్కాంతాల పక్కనుంచి పోతున్నప్పుడు అందులో సుడి కరెంటు పుట్టి, చక్రాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. ఒకదాన్నొకటి తాకవు, అరగవు, చప్పుడు చేయవు. ముప్పై ఏళ్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన పాఠం బావగారి హాల్లో తిరుగుతుంటే చూడ్డానికి బాగుంది.

బిగించే పనికి వస్తే, ఇద్దరు ఉండి తీరాలి. ఒకరు నిలువు కమ్మీని పట్టుకుంటే రెండోవారు లోపలి తీగలు కలపాలి. ఈ ఒక్క మెట్టు మీదే కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే పాడుచేసుకుంటారు. కింది మొండెం నుంచి రెండు వస్తాయి. ఒకటి సన్నటి వైరు, అది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో పైనున్న మీటరుకు చెబుతుంది. రెండోది బరువు మార్చే తీగ. సైకిలు బ్రేకు వైరులాంటిదే, కొసన ఒక గుండు. మీటను ముందు అన్నిటికంటే తక్కువ అంకె మీద పెట్టి, గుండును కొక్కెంలో తగిలించి, తీగ తొడుగును సందులో కూర్చోబెట్టాలి. తర్వాత కమ్మీని నెమ్మదిగా కిందికి దించాలి. దించేటప్పుడు వైరు అంచులో పడి నలిగిందా, మీటరు చచ్చిపోయినట్టే. తీగ కొక్కెం వదిలిందా, మీట ఎంత తిప్పినా తొక్కుడులో తేడా రాదు. మిషను వాడి నాలుగు రోజులకే పాడైందని విసుక్కునే కేసుల్లో చాలావాటి అసలు రోగం ఈ రెంటిలో ఒకటి.

మిగతాది ఓపిక. అన్ని బోల్టులనూ మొదట వేళ్లతోనే ఎక్కించి, మిషను పూర్తిగా నిలబడ్డాక వరసగా పానాతో బిగించాలి. ఒకదాన్ని ముందే గట్టిగా బిగిస్తే పక్కది రంధ్రానికి అందదు. వంపు వాషరు గుండ్రటి పైపు మీద వంపుకు వంపు కలిసేలా పడాలి. అలలా ఉన్న వాషరు ఊగే కడ్డీల దగ్గర పడాలి, అది సందు పట్టి ఉంచుతుంది. లోపల ప్లాస్టిక్ రింగున్న నట్టును ఒకటి రెండుసార్లు విప్పి బిగిస్తే దాని పట్టు సడలుతుంది, కొత్తది వేయాలి. పని అయ్యాక ఒక్క వాషరు మిగిలినా ఎక్కడో వేయడం మర్చిపోయినట్టే. మాకు రెండు మిగిలాయి. సైకిలు షాపు ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

ఎక్కడ పెట్టాలన్న దాని మీద అక్కయ్యకూ బావగారికీ ఒక పూట వాదన నడిచింది. ఆయనకు గాలి కోసం వరండా కావాలి. మన వరండాలకు నీళ్లు పోయేందుకు వాటం ఉంటుంది. వాటం మీద మిషను ఊగుతుంది, ఊగితే బోల్టులు వదులవుతాయి. కింద తిప్పే మరకాళ్లు ఉన్నా అవి కొద్దిపాటి ఎగుడుదిగుడునే సర్దుతాయి. పైగా జల్లు కొడుతుంది. బాపట్ల దగ్గర 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటినప్పుడు మా వైపు వరండాల్లో ఒక్కటంటే ఒక్కటి పొడిగా మిగల్లేదు. వాదనలో అక్కయ్య గెలిచింది, మిషను హాల్లోకి వచ్చింది.

హాల్లో పెట్టాక తల పైకెత్తి చూసింది కుర్రాడు. సరిగ్గా పైన సీలింగు ఫ్యాను. పెడలు పైకి లేచినప్పుడు మనిషి నేల మీదకన్నా అడుగు, అడుగున్నర ఎత్తులో ఉంటాడు. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి తల ఏడడుగులు దాటవచ్చు. మామూలు స్లాబు ఇంట్లో తల ఫ్యానుకు తగలకపోవచ్చు, కానీ తొక్కుతూ తొక్కుతూ బనీను విప్పడానికో, తువ్వాలు మెడ మీద వేసుకోవడానికో చెయ్యెత్తితే? రేకుల గదిలోనైతే చెప్పనే అక్కర్లేదు. మిషన్ను ఫ్యాను కింద నుంచి తప్పించి, గాలి పక్క నుంచి తగిలేలా పెట్టాం. ఒకచోట నిలిపి వాడే వ్యాయామ పరికరాల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 20957. అందులో తొమ్మిదో భాగం ఎలిప్టికల్స్ గురించే. మిషను ఎక్కే, దిగే వైపున కదిలే భాగాలు చేరే చోటికి ఆవల కనీసం 0.6 మీటర్లు, అంటే రెండడుగులు ఖాళీ వదలమంటుంది. ఇంట్లో వాడకానికి చేసిన దాన్ని హెచ్ తరగతి అంటారు, జిమ్ముల్లో వాడేది ఎస్ తరగతి. మిషను మీద అంటించిన చీటీలో ఆ అక్షరంతో పాటు ఎంత బరువు మనిషి దాకా ఎక్కవచ్చో కూడా ఉంటుంది. కొనేముందు చూడవలసిన అంకె అదే. రంగు, మీటరు సోకు తర్వాత. నున్నటి గ్రానైటు మీదైతే కింద రబ్బరు చాప వేయాలి. పాత దుప్పటి మడిచి వేస్తే జారుతుంది.

ఇక ఎక్కడం. సైకిలు ఎక్కేటప్పుడు పెడలు ఎక్కడుందో చూడకుండా కాలు వేయం కదా. ఇక్కడా కదలని పిడిని రెండు చేతులా పట్టుకుని, కిందున్న పెడలు మీద ముందు కాలు పెట్టాలి. రెండో కాలు తర్వాత. పైనున్న పెడలు మీద కాలు వేస్తే అది ఒంటి బరువుకు కిందికి జారి మనిషిని ముందుకు విసురుతుంది. దిగేటప్పుడు పూర్తిగా ఆగాక, మళ్లీ కిందున్న కాలు వైపే బరువుంచి దిగాలి. సైకిలుకూ దీనికీ ఒకచోట మాత్రం వరస కలవదు. తొక్కడం మానినా సైకిలు పోతూనే ఉంటుంది, పెడళ్లు ఊరుకుంటాయి. ఇంట్లో వాడే ఎలిప్టికల్స్ చాలావాటిలో ఆ వెసులుబాటు ఉండదు. లోపలి చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ చేతికడ్డీలూ కదులుతూనే ఉంటాయి. ఫోను మోగింది గదా అని టక్కున దిగబోతే మడమను వెనక నుంచి కడ్డీ కొడుతుంది.

మనవైపు దీనికి తోడు బట్టల బాధ. లుంగీ, పంచె, చీర కొంగు, చున్నీ. పంచె సైకిలు ఛైనులో పడి బోర్లా పడినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మోటారు సైకిళ్లకు వెనక చక్రం సగమైనా కప్పి ఉండాలని, వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతుంది. ఎలిప్టికల్ కడ్డీల సందులకు అలాంటి కప్పు ఉండదు. అక్కయ్య మొదటి వారం చీరలోనే ఎక్కుతానంది. కొంగు బొడ్లో దోపినా కుచ్చెళ్లు పెడలు కడ్డీకి రాసుకుంటున్నాయని ఆవిడే గమనించి పంజాబీ డ్రెస్సులోకి మారింది, చున్నీ లేకుండా. బావగారు కోడలు కొనిపెట్టిన ట్రాక్ ప్యాంటు మొదటిసారి పెట్టెలోంచి తీశారు. చెప్పులు, ఒట్టి కాళ్లు రెండూ పనికిరావు, బూట్లే వేసుకోవాలి. షుగరున్నవారికి ఇది మరీ ముఖ్యం. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు. బావగారు బూట్లు విప్పాక అరికాళ్లు చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. వంగలేని రోజు అద్దం నేల మీద పెట్టుకుని చూసుకుంటారు.

నిలబడే తీరుకు పెద్ద శాస్త్రం లేదు. వెన్ను నిటారుగా, చూపు ముందుకు, మోకాళ్లు ఎప్పుడూ కాస్త వంగి, పాదం మొత్తం పెడలుకు ఆని. మునివేళ్ల మీద బరువు వేస్తే పది నిమిషాలకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మోకాలు లోపలికి తిరగకుండా కాలి రెండో వేలి దిక్కుకే ఉండాలి. పిడి మీద పడి వేలాడుతూ తొక్కితే కాళ్లు చేయాల్సిన పని చేతులు మింగేస్తాయి, మీటరు మాత్రం గొప్పగా చెబుతుంది.

ఎంతసేపు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, దానికి తోడు రెండు రోజులు కండరాలకు బలం పెంచే పనులు ఉన్నాయి. అంటే వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. కానీ మొదటిరోజే అరగంట కాదు. బావగారు అయిదు నిమిషాలతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకొకసారి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ నెలన్నరకు అరగంట చేరారు. మీట 2 మీద నుంచి 3కి మార్చింది ఆ తర్వాతే. మొదటి అయిదు, చివరి అయిదు నిమిషాలు తేలిగ్గా తొక్కడమే. మధ్యరకం శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాట పాడగలుగుతుంటే ఇంకాస్త తొక్కవచ్చు, మాట తెగుతుంటే తగ్గించాలి.

నాడి లెక్క చూసుకునేవారికి ఒక ముతక సూత్రం ఉంది. 220లోంచి వయసు తీసేయాలి. 64 ఏళ్లవారికి 156 వస్తుంది. అందులో 64 నుంచి 76 శాతం, అంటే నిమిషానికి సుమారు 100 నుంచి 119, మధ్యరకం శ్రమకు గుర్తు. అయితే బీపీకో గుండెకో మెటోప్రొలాల్, ఎటెనొలాల్ లాంటి బిళ్లలు వాడేవారికి ఈ లెక్క పనిచేయదు. ఆ మందులు నాడిని అదిమిపెడతాయి. అంకె పెరగలేదని గట్టిగా తొక్కితే ప్రమాదం. అక్కయ్య వాడేది అలాంటి బిళ్లే, అందుకే ఆవిడకు మాట పరీక్షే.

మనదేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో తేల్చింది. కాబట్టి ఇలాంటి మిషను ఎక్కేవారిలో షుగరు మనుషులు ఎక్కువే ఉంటారు. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ లాంటి బిళ్లలు గాని వాడేవారు పరగడుపున ఎక్కితే చక్కెర పడిపోవచ్చు. వణుకు, చెమట, కళ్లు తిరగడం. వ్యాయామం చెమటకూ ఈ చెమటకూ తేడా అందరికీ తెలియదు, అందుకే అనుమానం వస్తే ఆగిపోవడమే మేలు. బావగారి మిషను పక్కన స్టూలు మీద మూడు చెంచాల పంచదార పొట్లం ఉంటుంది, సుమారు 15 గ్రాములు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యో దవడో లాగడం, ఊపిరి అందకపోవడం ఉంటే మాత్రం పంచదార మాట కాదు, కూర్చుని 108కి ఫోన్ చేయాలి. కొత్తగా మొదలుపెట్టేవారు, ముఖ్యంగా గుండె జబ్బు, ఆపరేషన్లు అయినవారు, డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

మీటరు చూపించే క్యాలరీలను నేను నమ్మను. తక్కువ ధరలో వచ్చేవాటికి ఎక్కినవారి బరువు తెలియదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో మాత్రమే తెలుసు. దాన్నే ఒక అంకెతో హెచ్చించి చూపిస్తాయి. 50 కిలోల అక్కయ్యకూ 82 కిలోల బావగారికీ ఒకే క్యాలరీలు! బావగారు ఒకరోజు 120 క్యాలరీలు కరిగించానని, కాఫీలో రెండు చెంచాల పంచదార వేయమన్నారు. చెంచా పంచదార 20 క్యాలరీలు గనక ఆయన లెక్కలో తప్పు లేదు, షుగరు మనిషన్న సంగతి తప్ప. అక్కయ్య ఆ రోజు కాఫీయే ఇవ్వలేదు.

పిల్లల సంగతి నవ్వులాట కాదు. సంక్రాంతికి మనవలు వచ్చినప్పుడు ఈ మిషను వాళ్లకు ఉయ్యాల. ఒకడు తొక్కుతుంటే రెండోవాడు వెనక కడ్డీ దగ్గర చెయ్యి పెడతాడు. అమెరికాలో పెలొటాన్ కంపెనీ ట్రెడ్ ప్లస్ అనే ట్రెడ్‌మిల్లులను 2021 మేలో వెనక్కి తీసుకోవలసి వచ్చింది, ఆరేళ్ల పిల్లవాడు ఒకడు చనిపోయాక. అది వేరే మిషనే, కరెంటుది. కానీ తిరిగే వస్తువు, చిన్న చేతులు ఒక గదిలో ఉంటే ఏమవుతుందో అది చెబుతోంది. చాలా ఎలిప్టికల్స్‌కు తాళం ఉండదు, మీట 8 మీద పెట్టినా పెడళ్లు కదులుతాయి. సైకిలు షాపు ఆయన సలహా మీద ఒక నైలాను తాడుతో పెడలు కడ్డీని కింది చట్రానికి కట్టేస్తున్నాం. తొక్కాలంటే ముందు ముడి విప్పాలి. పిల్లలున్న రోజుల్లో గదికి గొళ్లెం కూడా.

బాగోగులు చూసుకోవడంలో మన నేల తీరు కలిసిరాదు. ఈ డెల్టాలో గాలి ఎప్పుడూ తేమగానే ఉంటుంది. బాపట్ల, రేపల్లె వైపు పోయేకొద్దీ ఉప్పు కూడా తోడవుతుంది. దానికి చెమట ఉప్పు జత. తొక్కిన ప్రతిసారీ పిడులు, కమ్మీలు, మీటరు కింద భాగం పొడిగుడ్డతో తుడవాలి. మరకలుంటే గుడ్డ తడిపి పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డ పెట్టాలి. కిరసనాయిలు ఇనుముకు పనికొచ్చినా ప్లాస్టిక్ తొడుగులకు పనికిరాదు. కొబ్బరినూనె అసలే వద్దు, దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది. ఊగే కడ్డీల కీళ్ల దగ్గర మూడు నాలుగు నెలలకొకసారి పాత గ్రీజు తుడిచి కొత్తది రాస్తే చాలు. పట్టాల మీద చక్రాలు పోయే రకమైతే పట్టాలు తుడిచి, పుస్తకంలో చెప్పి ఉంటే కాస్త సిలికాన్ స్ప్రే. తుప్పు వదిలించే స్ప్రేను గ్రీజు బదులు వాడేవారున్నారు. అది తుప్పు వదిలిస్తుంది, దానితో పాటు ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. లోపలి బెల్టు మీద, చక్రం మీద నూనె చుక్క కూడా పడకూడదు. గట్టిగా తొక్కినప్పుడు కాలు కింద ఏదో జారినట్టనిపిస్తే బెల్టు వదులైంది. దానికి తొడుగు విప్పాలి, తెలిసినవారికి వదిలేయడం మంచిది.

బోల్టులు మొదటి వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాత నెలకొకసారి బిగించి చూసుకోవాలి. కొత్త రంగు, కొత్త వాషర్లు నలిగి సర్దుకునేసరికి మొదటి వారంలో అన్నీ కొద్దిగా వదులవుతాయి. చప్పుళ్లు ఏం చెబుతాయో మాత్రం నాకు సైకిలు షాపు ఆయనే నేర్పాడు. మూడో నెలలో మిషను టక్, టక్ అనడం మొదలైంది. నేను బేరింగు పోయిందన్నాను. ఆయన పెడలును చేత్తో తిప్పుతూ చుట్టు చుట్టుకూ లెక్కపెట్టాడు. చుట్టుకు ఒక్కసారే, అదీ కాలు కిందికి నొక్కే చోటే. "పాత సైకిలుకి కాటరు పిన్ను వదులైతే ఇట్టాగే గదండీ టక్కుమనేది," అన్నాడు. క్రాంకును ఇరుసుకు పట్టే బోల్టు అర చుట్టు వదులైంది, అంతే. చుట్టుకొకసారి టక్కుమంటే క్రాంకో పెడలో వదులు. ఎడతెగకుండా గరగరమంటే బేరింగు, లేదా తొడుగు చక్రానికి రాసుకోవడం. కీచుమంటే కీలు ఎండింది. నేల దగ్గర దబ్ దబ్ మంటే మరకాలు నేలకు ఆనలేదు. టక్కుమంటున్నా వినపడనట్టు నెలల తరబడి తొక్కితే వదులు బోల్టు రంధ్రాన్ని తొలిచేస్తుంది, అప్పుడు క్రాంకే మార్చాలి. ఆ భాగం కోసం చైనా నుంచి ఎదురుచూడటం అందరి వల్లా కాదు.

అక్కయ్యా బావగారూ మొన్న ఆరు నెలలకు అమెరికా బయల్దేరారు. వెళ్లేముందు మీటరు వెనక మూత తీసి బ్యాటరీలు బయటపెట్టించాను, లోపలే ఉంటే కారి పచ్చగా పట్టేస్తాయి. గ్రీజు పల్చగా రాసి, గాలి ఆడే పాత దుప్పటి కప్పాం. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది. మీట 1 మీదకు తెచ్చి తీగకు విశ్రాంతి ఇచ్చాం. ఎలుకలు వైర్ల జోలికి పోకుండా చుట్టుపక్కల గోనెలు, పాత పేపర్లు తీసేశాం.

ఆ రోజే సైకిలు షాపు ఆయన కూడా వచ్చాడు, ఆఖరిసారి బిగించి చూడ్డానికి. పని అయ్యాక బావగారు, "ఇన్నాళ్లూ బాగుచేస్తావేగాని ఒక్కరోజైనా ఎక్కావా?" అన్నారు. ఆయన కాస్త సిగ్గుపడి, లుంగీ పైకి మడిచి మోకాళ్ల పైన గట్టిగా ముడేశాడు. లుంగీతో వద్దని బావగారు అనబోతుంటే, "పది చుట్లేనండీ" అంటూ చెప్పులు వదిలి, కిందున్న పెడలు చూసుకుని ఎడమ కాలు పెట్టాడు. చూపు ఎదుటి గోడ మీద లేదు, మీటరు మీదా లేదు. తల కాస్త వంచి చెవి కిందికి పెట్టి తొక్కాడు. పది చుట్లయ్యాయి. పూర్తిగా ఆగేదాకా నిలబడి, దిగి, అలెన్ కీ తీసుకుని ఎడమ పెడలు బోల్టును ఇంకో పావు చుట్టు తిప్పాడు, ఎడమకు.